నీలం తిరిగిన బిడ్డ: తప్పు తల్లిది కాదు

మన సంఘం సభ్యుల ఇంట ఆ మధ్య ఒక మగబిడ్డ పుట్టాడు. రెండో రోజుకే పెదవులు, గోళ్ళు నీలం తిరిగాయి. "చలికి అలాగే అవుతుంది, గుడ్డ చుట్టండి" అన్నారు పెద్దవాళ్ళు. పెద్దాసుపత్రికి చేరేసరికి ఒక పూట గడిచిపోయింది. ఆపరేషన్ జరిగి బిడ్డ దక్కాడు. కానీ "గ్రహణం నాడు కోడలు బయట తిరిగింది, అందుకే ఇలా" అన్న మాట మాత్రం ఆ ఇంట్లో మిగిలిపోయింది. ఆ మాట మరో ఇంట వినపడకూడదనే ఇది రాస్తున్నాం. మేము డాక్టర్లం కాము, తెలుసుకున్నది మన భాషలో చెబుతున్నాం.

గర్భంలో మొదట గుండె నుంచి పైకి వెళ్ళే పెద్ద గొట్టం ఒక్కటే ఉంటుంది. ఐదో వారం నుంచి ఎనిమిదో వారం లోపల దాని మధ్య ఒక గోడ లేచి, తాడు పేనినట్టు మెలిక తిరుగుతూ దాన్ని రెండుగా చీలుస్తుంది. ఒకటి శరీరానికి మంచి రక్తం పంపే బృహద్ధమని, రెండోది ఊపిరితిత్తులకు చెడు రక్తం తీసుకెళ్ళే ధమని. ఆ మెలిక సరిగా తిరగకపోతే రెండు గొట్టాలూ తారుమారవుతాయి. అప్పుడు చెడు రక్తం మళ్ళీ శరీరానికే, మంచి రక్తం మళ్ళీ ఊపిరితిత్తులకే పోతుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి మాయ ద్వారా ప్రాణవాయువు అందుతుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. పుట్టాక, గర్భంలో తెరిచి ఉండే చిన్న దారులు మూసుకుపోతుంటే బిడ్డ నీలమవుతాడు. ఈ మెలిక తప్పడానికి ఇదీ కారణమని చాలామంది పిల్లల్లో తేల్చి చెప్పలేరు. గ్రహణానికి మాత్రం సంబంధం లేదు.

చికిత్స ఉంది. ముందు ప్రోస్టాగ్లాండిన్ మందుతో ఆ దారిని తెరిచి ఉంచుతారు. అవసరమైతే బెలూన్‌తో పై గదుల మధ్య రంధ్రం పెద్దది చేస్తారు. ఈ పద్ధతిని 1966లో రాష్‌కిండ్ అనే డాక్టర్ వెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత అసలు ఆపరేషన్. రెండు ధమనులనూ కోసి, తారుమారు చేసి కుడతారు. గుండెకే రక్తమిచ్చే సన్నటి నాళాలను కూడా కొత్త చోటికి మారుస్తారు. బ్రెజిల్‌లో డాక్టర్ జతేనె 1975లో దీన్ని తొలిసారి విజయవంతంగా చేశారు. సాధారణంగా పుట్టిన రెండు మూడు వారాల్లోనే చెయ్యాలి. ఆలస్యమైతే ఎడమ గది బలం తగ్గిపోతుంది. అనుభవం ఉన్న కేంద్రాల్లో నూటికి 90 మందికి పైగా బతుకుతున్నారు.

మనం చెయ్యవలసినవి మూడు. గర్భిణికి 18-20 వారాల స్కానింగ్‌లో గుండెను, ధమనులను చూడమని అడగండి. పుట్టిన మర్నాడు కుడిచేతికీ కాలికీ ఆక్సిజన్ కొలిపించండి. 95 కంటే తక్కువ వస్తే ఆగకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుండె లోపాలకూ సాయం ఉంది. 2013 నుంచి నడుస్తున్న కేంద్ర పథకం కాబట్టి మనం ఏ రాష్ట్రంలో ఉన్నా అడగవచ్చు. మీ అంగన్‌వాడీలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో విచారించండి.

ఆసుపత్రి కాగితాలు అర్థం కాకపోతే సంఘం ఆఫీసుకు రండి. కూర్చుని చదివి చెబుతాం. కోడలిని నిందించడానికి మాత్రం రాకండి.