పసరును నమ్ముకుంటే ప్రాణానికి ఎసరు

* వేళ తప్పిన తిండితో విద్యార్థులకు అనారోగ్యం
* మూలికా వైద్యంపై వైద్య నిపుణుల అభిప్రాయాలివీ..

నర్సీపట్నం: ఉదయం టీ, బిస్కెట్టు.. మధ్యాహ్నం రెండు సమోసాలు.. సాయంత్రం బండి మీద నూడుల్స్ లేదా పానీపూరీ.. రాత్రి ఓపిక ఉంటే అన్నం. స్వగ్రామాలను వీడి పట్టణాల్లో వసతి గృహాల్లోనూ, అద్దె గదుల్లోనూ ఉంటూ చదువుకుంటున్న పలువురు విద్యార్థుల దినచర్య ఇది. దీని ఫలితం రక్తహీనత, కడుపులో మంట, పచ్చకామెర్ల రూపంలో బయటపడుతోంది. వ్యాధి సోకిన తరువాత ఆసుపత్రికి వెళ్లాలా, పసరు మందు మింగాలా అన్న మీమాంసలో జరిగే జాప్యం కొన్ని సందర్భాల్లో ప్రాణాపాయానికి దారితీస్తోంది.

నీటితోనే ముప్పు

విద్యార్థుల్లో కనిపించే కామెర్లకు ప్రధాన కారణం హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లు. ఇవి కలుషిత నీరు, ఆహారం ద్వారా వ్యాపిస్తాయి. పానీపూరీ నీళ్లు, శుభ్రత లేని ఐసు, ముందుగా కోసి ఉంచిన పండ్ల ముక్కలు ఇందుకు తోడ్పడతాయి. వైరస్ శరీరంలో ప్రవేశించిన రెండు నుంచి ఆరు వారాల తరువాత గానీ లక్షణాలు బయటపడవు. అందువల్ల ఏ తిండి వల్ల జబ్బు వచ్చిందో రోగికి తెలియదు.

పసరుకు పేరు ఎలా వచ్చింది?

ఈ రెండు రకాల కామెర్లు అధిక శాతం మందిలో విశ్రాంతి, సరైన ఆహారంతో కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వ్యవధిలో నేల ఉసిరి పసరు తాగినవారికి మందు వల్లే తగ్గిందన్న నమ్మకం కలగడం సహజమని వైద్యులు వివరిస్తున్నారు. అయితే కామెర్లు స్వయంగా ఒక వ్యాధి కాదు, లక్షణం మాత్రమే. హెపటైటిస్-బి, సి వైరస్‌లు, పిత్తనాళంలో రాళ్లు, కొన్ని రక్త వ్యాధులు, కొన్ని మందుల దుష్ప్రభావం వల్ల కూడా కళ్లు పచ్చబడతాయి. వీటిని కంటితో చూసి గుర్తించడం సాధ్యం కాదు. రక్త పరీక్ష తప్పనిసరి.

నేల ఉసిరిని శాస్త్రవేత్తలు విస్మరించలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారిలో ఈ మూలిక తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ జాడ కనిపించలేదని అందులో పేర్కొన్నారు. హెపటైటిస్-బి వైరస్‌పై పరిశోధనకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూచ్ బ్లంబర్గ్ కూడా ఆ బృందంలో ఉన్నారు. కానీ తరువాత ఇతరులు జరిపిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలవలేదు. 2011లో ఈ అధ్యయనాలన్నింటినీ పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, మేలు జరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

పథ్యంతో నీరసం

పసరుతో పాటు ఉప్పు, పప్పు, నూనె మాన్పించి రోజుల తరబడి చప్పిడి కూడు పెట్టడం ఆనవాయితీ. కోలుకునే దశలో శరీరానికి బలమైన ఆహారం అవసరం కాగా, ఈ కఠిన పథ్యం వల్ల విద్యార్థి మరింత నీరసిస్తాడు. వాంతులు లేనప్పుడు అన్నం, పప్పు, పెరుగు, పండ్లు కొద్ది కొద్దిగా తరచూ ఇవ్వవచ్చు. కంట్లో, ముక్కులో పసరు పోయడం, చేతికి వాతలు పెట్టడం అత్యంత ప్రమాదకరం.

మూలికలన్నీ నిరపాయం కావు

ఆకు, వేరు ప్రకృతి సిద్ధమైనవి కాబట్టి హాని చేయవన్నది అపోహ. కరోనా కాలంలో తిప్పతీగను విరివిగా వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. తిప్పతీగను పోలిన వేరే తీగను పొరపాటున వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. మొక్కను సరిగా గుర్తించడం, మోతాదు ఎంత ముఖ్యమో ఈ వివాదం తెలియజేస్తోంది. ఆయుర్వేద పట్టా పొందిన వైద్యుల సలహా వేరు, ఏ ఆకు కలిపారో చెప్పని నాటు మందు వేరు అన్న విచక్షణ ఉండాలి. ఏ మూలిక వాడుతున్నా ఆ సంగతిని చికిత్స చేసే వైద్యుని వద్ద దాచరాదు.

రక్తహీనతకు విరుగుడు పళ్లెంలోనే

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం, బాలురలో 31.1 శాతం మందికి రక్తహీనత ఉంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు తాగరాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆకుకూరలు, పప్పులతో పాటు నిమ్మరసం, జామ, ఉసిరి తీసుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. మునగాకు మంచి ఆహారమే అయినా, రక్తహీనత నిర్ధారణ అయినవారు దానితో సరిపెట్టుకుని ఐరన్ మాత్రలు మానరాదు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* కళ్లు, మూత్రం పచ్చబడితే వెంటనే రక్త పరీక్ష చేయించాలి.
* ఆగని వాంతులు, మగత, మాట తడబాటు, చిగుళ్ల నుంచి రక్తం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే 108 వాహనంలో పెద్దాసుపత్రికి తరలించాలి.
* గర్భిణులకు హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు. కామెర్లు కనిపించిన రోజే వైద్యుని సంప్రదించాలి.
* హెపటైటిస్-బి, సి లకు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచిత పరీక్షలు, చికిత్స లభిస్తాయి.
* గదుల్లో ఉండేవారు నీటిని మరిగించి చల్లార్చి తాగాలి. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.