మీ పెళ్లికి మేం చేయం!

పెళ్లంటే పదిమంది చేతులు పడాలి. పూలవాళ్లు, వంటవాళ్లు, ఫొటోలవాళ్లు... వాళ్లలో ఒకరు 'మీ పెళ్లికి చేయం, మా మతం ఒప్పుకోదు' అంటే? అమెరికాలో ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2012లో కొలరాడో రాష్ట్రంలోని ఒక కేకుల దుకాణానికి ఇద్దరు మగవాళ్లు వెళ్లి, తమ పెళ్లికి కేకు కావాలన్నారు. యజమాని జాక్ ఫిలిప్స్ నిష్ఠ గల క్రైస్తవుడు. పుట్టినరోజు కేకు అడగండి చేస్తాను, మగవాళ్లిద్దరి పెళ్లికి మాత్రం చేయనన్నాడు. (హాలోవీన్ పండక్కీ ఆయన కేకులు చేయడట!) ఈ కేసు తలచుకుంటే నాకు లాయర్లు గుర్తురారు, ఆ ఇద్దరిలో ఒకరి తల్లి గుర్తొస్తుంది. ఆవిడ ఆ రోజు కొట్లోనే ఉంది. మర్నాడు ఫోన్ చేసి, నా కొడుక్కి ఎందుకు కాదన్నావని అడిగింది. కొడుకు పెళ్లికని బయల్దేరిన తల్లికి ఆ 'కాదు' ఎక్కడ తగులుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

2018లో 7-2 తీర్పుతో ఫిలిప్స్ గెలిచాడు. రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆయన మతాన్ని చులకన చేసిందన్నది కారణం. కాదనే హక్కు కొట్టువాడికి ఉందా లేదా అన్నది కోర్టు తేల్చలేదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో పూలకొట్టు నడిపిన బారొనెల్ స్టట్జ్‌మన్ కథ ఇంకా ఇబ్బందికరం. తొమ్మిదేళ్లుగా తన దగ్గరే పూలు కొంటున్న మనిషి 2013లో తన పెళ్లికి పూలడిగితే, అతని చెయ్యి పట్టుకుని, నా విశ్వాసం ఒప్పుకోదంది. వేరే కొట్ల పేర్లూ చెప్పింది. ఆవిడది ద్వేషం అని నేననలేను. కానీ ఇంకెవరు కాదంటారోనన్న భయంతో ఆ జంట పెద్ద పెళ్లి మానుకుని, ఇంట్లోనే కొద్దిమంది మధ్య కానిచ్చేసుకుంది. మర్యాదగా కాదన్నా నష్టం నష్టమే. రాష్ట్ర సుప్రీంకోర్టు రెండుసార్లూ ఆవిడకి వ్యతిరేకంగానే చెప్పింది. 2021లో 5,000 డాలర్లిచ్చి రాజీపడింది.

పెళ్లి చేయించమని చర్చి ఫాదరును ఏ చట్టమూ బలవంతపెట్టదు, పెట్టకూడదు కూడా. తలుపు తెరిచి వ్యాపారం చేసేవాళ్ల సంగతి వేరని నా ఉద్దేశం. 1960లలో నల్లవారిని కూర్చోబెట్టి వడ్డించని ఒక హోటలాయన కూడా మతం పేరే చెప్పాడు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదని తోసేసింది.

అయితే 2023లో గాలి మారింది. పెళ్లి వెబ్‌సైట్లు తయారుచేద్దామనుకున్న లోరీ స్మిత్‌కి 6-3తో కోర్టు వత్తాసు పలికింది. వెబ్‌సైట్ రాయడమంటే మాట్లాడటమేననీ, తనకి నమ్మకం లేని మాట ఆవిడ చేత పలికించకూడదనీ అంది. ఇది మనవాళ్లకీ సంబంధించినదే. కొలరాడో చట్టం మతాన్నీ, పుట్టిన దేశాన్నీ కూడా అదే వాక్యంలో కాపాడుతుంది. అక్కడ మన పిల్లల పెళ్లికి కేకో పూలో కాదనకుండా ఆపేదీ ఆ చట్టమే. వెబ్‌సైట్ మాట అయితే మరి కేకు మీది అక్షరాలో? పూలగుత్తో? ఫొటోనో? ఏది మాట, ఏది సరుకు అన్న గీత ఆ తీర్పులో ఎంత వెతికినా నాకు కనపడలేదు.