ఆదోని పత్తి, ఎమ్మిగనూరు నూలు: లెక్క నిలిపే సాధనం, లెక్క చూపే సాధనం

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల బతుకు పత్తితోనూ నూలుతోనూ ముడిపడి ఉంది. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటైన ఆదోని యార్డుకు చుట్టుపక్కల మండలాల రైతులు పత్తితోపాటు వేరుశనగ, ఆముదాలు తెచ్చి అమ్ముకుంటారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం, నేతగాళ్లకు నూలు ఇచ్చి, బట్ట తీసుకొని, మజూరీ చెల్లించే పద్ధతిని ఆ పట్టణంలో పాదుకొల్పింది. ఈ రెండు చోట్లా సరుకు చేతులు మారిన ప్రతిసారీ ఒక పద్దు పుడుతుంది.

ఆ పద్దులను రిజిస్టర్ల నుంచి కంప్యూటరుకు మార్చదలచిన కమీషన్ ఏజెంటుకో, జిన్నింగ్ మిల్లుకో, సహకార సంఘానికో ఏ సాఫ్ట్‌వేరు ఎంచుకోవాలన్న ప్రశ్న ఎదురవుతుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వంటి డెస్క్‌టాప్ డేటాబేసు, క్రిస్టల్ రిపోర్ట్స్ వంటి నివేదికల సాఫ్ట్‌వేరు రెండూ చివరికి తీర్చిదిద్దిన కాగితాన్నే చేతికిస్తాయి గనుక, ఒకటి ఉంటే రెండవది అక్కర్లేదన్న భ్రమ కలగడం సహజం. అయితే మొదటిది వివరాలను దాచే చోటు. రెండవది మరెక్కడో దాచిన వివరాలను చదివి, వర్గాలుగా విడదీసి, మొత్తాలు కట్టి అచ్చుకు అమర్చే సాధనం మాత్రమే. కాబట్టి పద్దు మొట్టమొదట ఎక్కడ నమోదవుతుంది, తప్పు పద్దును అక్కడ ఏది అడ్డుకుంటుంది అన్న రెండు సంగతులు తేలితే ఎంపిక చాలావరకు దానంతటదే తేలుతుంది.

నివేదికల తయారీయే పనిగా గల సాధనాల చరిత్ర పాతది. 1959లో ఐబీఎం తన 1401 కంప్యూటరు కోసం రూపొందించిన ఆర్‌పీజీ భాష, రంధ్రాల కార్డులను చదివి మొత్తాలు అచ్చువేసే యంత్రాల పనిని కంప్యూటరు చేత చేయించడానికి పుట్టింది. వివరాలను పట్టికలుగా విడదీసి, ఉమ్మడి సంఖ్యల ద్వారా వాటి మధ్య సంబంధం నిలపాలన్న సిద్ధాంతాన్ని ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. క్రిస్టల్ రిపోర్ట్స్ మూలరూపం 1984లో కెనడాలో ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేరుకు అనుబంధంగా తయారుకాగా, యాక్సెస్ 1992లో వెలువడింది.

కాడ్ సిద్ధాంతంలోని ఉమ్మడి సంఖ్య ఎందుకు అవసరమో ఆదోని ప్రాంతపు పేర్లే చెబుతాయి. కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్న స్వామి మీది భక్తి వల్ల ఈ పల్లెల్లో ఈరన్నలకు లెక్కలేదు. మంత్రాలయం చేరువ వల్ల రాఘవేంద్రలకూ కొదవలేదు. ఒకే ఊరి నుంచి ఒకే రోజు ఇద్దరు ఈరన్నలు పత్తి తెస్తే, పేరును బట్టి మొత్తాలు కట్టే ఏ సాధనమైనా వారిద్దరినీ ఒకే మనిషిగా కలిపివేస్తుంది. అందువల్ల రైతుల పట్టికలో ప్రతి రైతుకూ మరెవరికీ ఇవ్వని ఒక సంఖ్యను కేటాయించి, లాట్ల, అంటే అమ్మకానికి తెచ్చిన సరుకు కుప్పల, పట్టికలో పేరుకు బదులు ఆ సంఖ్యనే నమోదు చేస్తారు. రైతుల పట్టికలోని ఈ సంఖ్యనే ప్రైమరీ కీ అంటారు. ఒకే సంఖ్య ఇద్దరికి పడకూడదన్న కట్టుబాటును అమలు చేసే అధికారం వివరాలు దాచే డేటాబేసుకే ఉంటుంది. కలిసిపోయిన ఇద్దరు ఈరన్నలను నివేదికల సాఫ్ట్‌వేరు ఎంత చక్కగా అచ్చువేసినా విడదీయలేదు.

నివేదిక రూపకల్పన మాత్రం రెండింటిలోనూ ఒకే సూత్రం మీద నడుస్తుంది. కాగితాన్ని అడ్డంగా పట్టీలుగా విభజిస్తారు: పుట పైభాగంలో వచ్చే శీర్షిక పట్టీ, ప్రతి ఊరి పేరుతో మొదలయ్యే వర్గపు పట్టీ, ఒక్కొక్క లాటుకు ఒక్కొక్కసారి పునరావృతమయ్యే వివరాల పట్టీ, ఊరి లాట్లు ముగిశాక వచ్చే ఉపమొత్తం పట్టీ, అన్నిటికీ చివర మొత్తం. ఉదాహరణకు కోసిగి ఊరి లాట్లు ఎన్ని ఉంటే అన్నిసార్లు వివరాల పట్టీ సాగుతుంది గనుక రూపకర్త ఒక్కసారి గీసిన నమూనా మూడు పుటలకైనా ముప్పై పుటలకైనా సరిపోతుంది.

అసలు చిక్కు మొత్తాల దగ్గర వస్తుంది; ఏ సాఫ్ట్‌వేరు వాడినా వదలని ఈ పొరపాటును కొంత నిదానంగా చూడవలసి ఉంది. ఉదాహరణకు ఒక రైతు 10 క్వింటాళ్ల లాటును క్వింటాలు 6,400 రూపాయల ధరకు అమ్మాడనుకుంటే దాని విలువ 64,000 రూపాయలు. ఆ లాటు మీద హమాలీ, కాటా, బండి బాడుగ అని మూడు కోతలు వేరే పట్టికలో నమోదై ఉన్నాయనుకుందాం. నివేదిక కోసం లాట్ల పట్టికనూ కోతల పట్టికనూ నేరుగా కలిపితే, కోతకొక వరుస చొప్పున మూడు వరుసలు వస్తాయి, మూడింటిలోనూ 64,000 కనిపిస్తుంది, మొత్తం 1,92,000 రూపాయలుగా తేలుతుంది. కంటికి బాగుండాలని పునరుక్తమైన అంకెను దాచిపెట్టే వెసులుబాటు రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. కానీ దాచినంత మాత్రాన అది మొత్తంలోంచి తొలగిపోదు, పైగా తప్పు కనబడకుండా పోతుంది. యాక్సెస్‌లో కోతలను ముందుగా లాటువారీగా కూడే క్వెరీ, అంటే వివరాలను వడగట్టి అడిగే ప్రశ్న, ఒకటి రాసి దానినే లాట్లతో కలపడం సరైన మార్గం. క్రిస్టల్ రిపోర్ట్స్‌లోనైతే లాటు మారినప్పుడే కూడమని చెప్పే రన్నింగ్ టోటల్ సదుపాయం ఉంది, లేదా కోతలను నివేదికలోపలి చిన్న నివేదికగా విడిగా చూపవచ్చు.

సగటు ధర విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2 క్వింటాళ్లు 7,000కూ, 10 క్వింటాళ్లు 6,400కూ అమ్ముడైతే రెండు ధరల సగటు 6,700 అని చూపడం రైతును తప్పుదారి పట్టించడమే. మొత్తం విలువను మొత్తం బరువుతో భాగిస్తే వచ్చే 6,500 రూపాయలే నిజమైన సగటు.

ఎమ్మిగనూరు తరహా నూలు లెక్కకు డేటాబేసు అవసరం మరింత స్పష్టం. నూలు సన్నదనాన్ని కౌంటు అంటారు. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, 40 తూగితే అది 40వ నంబరు నూలు. నేతగానికి ఏ కౌంటు నూలు ఎంత బరువు ఇచ్చారో, పడుగు, పేకలుగా మారి బట్టరూపంలో ఎంత తిరిగివచ్చిందో, తరుగు ఎంతో, మగ్గం మీద ఇంకా ఎంత ఉందో ఈ నాలుగూ ఎప్పుడూ సరితూగాలి. సభ్యుల పట్టికలో లేని సంఖ్య మీద నూలు జారీ చేయబోతే ఒప్పుకోకపోవడం, ఇచ్చిన నూలును మించిన బరువుతో బట్ట జమ రాయబోతే ఆపడం వంటి పనులు పద్దు పడే క్షణంలోనే జరగాలి. నెలాఖరులో నివేదిక చూసి కనిపెట్టిన తేడా అప్పటికే ఒక నేతగాని మజూరీలో కోతగా మారి ఉంటుంది. అతని ఇంటి ఖర్చు మీద పడే ఆ భారాన్ని తరువాతి సవరణలు పూర్తిగా తీర్చలేవు.

నివేదికల సాఫ్ట్‌వేరు సరైన ఎంపికయ్యే సందర్భం వేరు. జిన్నింగ్ మిల్లు ఖాతాలు అప్పటికే టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో నడుస్తూ, వేబ్రిడ్జి తూకాలు మరో డేటాబేసులో చేరుతూ ఉంటే, అవే పద్దులను యాక్సెస్‌లో మళ్లీ టైపు చేయడం వృథాశ్రమే కాక రెండు లెక్కల మధ్య తేడాలకు మూలమవుతుంది. వేర్వేరు డేటాబేసులను ఒకే పద్ధతిలో చదవనిచ్చే ఓడీబీసీ అనే వారధి ద్వారా రెండు మూలాలనూ తాకకుండా చదివి, కొన్న పత్తి బరువును 170 కిలోల దూది బేళ్ల ఉత్పత్తితో పోల్చే నివేదికను ప్రత్యేక సాధనం చక్కగా ఇస్తుంది. యాక్సెస్ కూడా ఇదే వారధి గుండా చదవగలదు; అయితే పలు శాఖలకు ఒకే నమూనా పత్రాలు తరచుగా పంపవలసిన చోట ప్రత్యేక సాధనానిదే పైచేయి.

పరిమాణం గురించిన భయం చిన్న సంస్థలకు అక్కర్లేదు. యాక్సెస్ ఫైలు పరిమితి 2 జీబీ. లాటుకు సుమారు 200 బైట్ల చొప్పున చూసినా దాదాపు కోటి వరుసలకు చోటుంటుంది. నలుగురు ఒకేసారి ఒకే ఫైలులో రాస్తుండగా కరెంటు పోవడమే అసలు అపాయం. పట్టికలను ఒక ఫైలులోనూ, ఫారాలు, నివేదికలను వేరొక ఫైలులోనూ ఉంచి, రోజూ నకలు తీసుకోవడం కనీస జాగ్రత్త. ఇలా విడదీసినందువల్ల రేపు పట్టికలను సర్వరుకు తరలించినా ఫారాలను చాలావరకు తిరిగి రాయనక్కర్లేదు, అప్పుడు కావాలంటే నివేదికల సాఫ్ట్‌వేరునూ దానికే తగిలించవచ్చు.

రైతు చేతికిచ్చే తక్‌పట్టీ, అంటే అమ్మకపు చీటీ, తెలుగులో ఉండాలన్నది ఈ ఎంపికలో చివరి అంశంగా మిగలకూడదు. యాక్సెస్ 2000 నుంచి, క్రిస్టల్ రిపోర్ట్స్ 2002 నాటి 9వ రూపం నుంచి యూనికోడ్‌ను, అంటే ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణాన్ని, స్వీకరించాయి. అంతకుముందటి తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పేర్లు తెరమీద తెలుగుగా కనబడినా లోపల ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే దాగి ఉంటాయి గనుక వెతికితే దొరకవు, అకారాది క్రమంలో నిలవవు. వాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు. సాఫ్ట్‌వేరు కొనే ముందు హొళగుంద, పెద్దకడబూరు, లక్ష్మన్న వంటి పేర్లు, లక్షల పద్ధతిలో కామాలు పెట్టిన అంకెలు గల ఒక తక్‌పట్టీని యార్డులో వాడే ప్రింటరు మీదనే అచ్చు తీయించి, దానిని ఒక రైతు చేత చదివించి చూడాలి.