మొక్క నాటితే చాలదు. మడకు నీటిదారి కావాలి

కాకినాడ: గోదావరి మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసేచోట పెరిగేది మడ అడవి. తాళ్లరేవు మండలం కోరంగి దగ్గర గౌతమీ గోదావరి పాయల వెంట ఈ అడవి దట్టంగా ఉంది. ఇందులో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

ఈ తీరానికి తుఫాన్లు కొత్త కాదు. ఒకప్పుడు ఓడల రాకపోకలతో కళకళలాడిన కోరంగి రేవును 1839 నాటి తుఫాను, ఉప్పెన తుడిచిపెట్టాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను తూర్పు గోదావరి జిల్లాలో వందలాది కుటుంబాలకు గర్భశోకం మిగిల్చింది. మడ అడవి తుఫానును ఆపలేదు గాని, ఊరి మీదికి వచ్చే అల జోరును తగ్గిస్తుంది. రొయ్య, మండపీత, చేప పిల్లలు మడ వేళ్ల నడుమనే పెరుగుతాయి. అడవి పోతే వలలో పడే సరుకు కూడా తగ్గుతుంది.

నరికిన చోట ఎందుకు మొలవదు?

వంటచెరకు కోసం, ఇళ్ల వాసాల కోసం మడను నరికారు. పశువులు లేత మొక్కలను మేసేశాయి. 1990 తర్వాత రొయ్యల చెరువులు పెరిగి, వాటి గట్లు కొన్నిచోట్ల పోటునీటికి అడ్డు నిలిచాయి. అయితే నరకడం ఆపినా చాలాచోట్ల అడవి తిరిగి రాలేదు.

దీనికి కారణం ఉంది. చెట్టు నీడ పోయిన బురదనేల ఎండకు ఆరి, కుంగి పల్లమవుతుంది. పోటు సమయంలో వచ్చిన నీరు ఆటు సమయంలో వెనక్కి పోక అక్కడే నిలుస్తుంది. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. చివరికి ఆ నేలలో ఉప్పు సముద్రపు నీటిలో కంటే ఎక్కువవుతుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా మాడిపోవలసిందే.

చేపముల్లు కాలువలు

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి 1990 దశకం చివరి ఏళ్ల నుంచి గోదావరి, కృష్ణా మడ అడవులలో దీనికి విరుగుడు చేసి చూపాయి. ముందుగా దగ్గరి ఏటి నుంచి పాడుబడిన నేలలోకి పెద్ద కాలువ తవ్వుతారు. దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. రోజూ పోటునీరు వచ్చి, ఉప్పును కడిగి వెనక్కి పోతుంది. ఉప్పు తగ్గాక కాలువ గట్ల వెంట ఉప్పును బాగా తట్టుకునే తెల్లమడ నాటుతారు.

కాలువ తవ్వడంతో పని తీరదు. ఒండ్రుతో పూడితే మళ్లీ తీయాలి, పశువులను కట్టడి చేయాలి. అందుకే గ్రామ సమితులను ఇందులో భాగస్వాములను చేశారు. కాలువను కాచుకున్న ఊరికే అడవి దక్కుతుంది.

ఎగువ నుంచి ఒండ్రు రావాలి

ఊరివారి చేతిలో లేని సంగతి ఇంకొకటి ఉంది. 1,465 కిలోమీటర్లు ప్రవహించి గోదావరి తెచ్చే ఒండ్రే ఈ లంకలకు, ఈ అడవికి పునాది. కాకినాడ రేవుకు అలల నుంచి కాపుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా నది తెచ్చిన ఇసుకే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చింది. ఆ తర్వాత మహారాష్ట్రలో జయక్వాడి, తెలంగాణలో శ్రీరాంసాగర్ వంటి ప్రాజెక్టులు వచ్చాయి. జలాశయాలలో నీటితోపాటు ఒండ్రు కూడా ఆగిపోతుంది.

1970 దశకంతో పోలిస్తే 1990 దశకంలో గోదావరి తెచ్చిన ఒండ్రు సగానికంటే తక్కువకు పడిపోయిందని, 1976-2000 మధ్య డెల్టా తీరంలో 1,800 హెక్టార్లకు పైగా నేల కోతకు గురైందని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వరద రోజులు దాటితే ధవళేశ్వరం దిగువకు వచ్చే మంచినీరూ తక్కువే.

పిల్లకాలువ పూడిక గ్రామ సమితి తీయగలదు. నదికి దిగువన ఎంత నీరు, ఎంత ఒండ్రు దక్కాలో తేల్చవలసినవి ప్రభుత్వాలు. పంటకు ఇన్ని ఘనపుటడుగులని లెక్క వేసినట్టే మడ అడవికీ వాటా కట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది.