వాన లెక్క – నీటి లెక్క

సంస్కృతంలో ‘వర్షం’ అనే పదానికి వాన, సంవత్సరం అని రెండర్థాలున్నాయి. ఉష్ణమండల వాతావరణ స్వభావమంతా ఆ ఒక్క పదంలో ఇమిడి ఉంది. ఇంగ్లండు వంటి సమశీతోష్ణ దేశాలలో వాన ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పడుతుంది. మన దేశంలోనో, సంవత్సరపు వానలో అధికభాగం జూన్ మొదలు సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే కురుస్తుంది. అందులోనూ గట్టివాన పడే దినాలు కొన్నే.

శ్రీకాకుళం జిల్లా సగటు వార్షిక వర్షపాతం 1100 మిల్లీమీటర్లకు పైమాటే. ఈ అంకెను బట్టి చూస్తే అక్కడ నీటికి కొదువ ఉండరాదు. కాని వాననీరంతా ఏటికి చేరదు. నేల కొంత పీల్చుకొంటుంది. చెట్టుచేమలు కొంత తాగుతాయి. ఎండకు కొంత ఆవిరవుతుంది. మిగిలినదే ప్రవాహం. ఒకచోట 1000 మిల్లీమీటర్ల వాన పడి, ఈ వ్యయాలకు 700 పోయిందనుకొందాం. ఏటికి దక్కేది 300. మరుసటి ఏడు వాన 800కు తగ్గి, వ్యయం మాత్రం అంతే ఉంటే, దక్కేది 100. వాన ఐదోవంతు తగ్గితే ప్రవాహం మూడింట రెండువంతులు తగ్గిందన్నమాట! వాన తగ్గినప్పుడు వ్యయమూ కొంత తగ్గుతుంది గనుక వాస్తవంలో తేడా ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు. అయినా సగటు వర్షాన్ని నమ్మి పంట వేసిన రైతు మోసపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

వాన అందరికీ ఒకే తీరున ఉపకరించదు. మూలపేటకు చేరువలోని నౌపడ ఉప్పుమళ్లలో వేసవిలో కురిసే జల్లు పేరుతున్న ఉప్పును కరిగించివేస్తుంది. అదే జల్లు మెట్టరైతుకు దుక్కి అదను.

ఈ ప్రాంతపు ప్రధాన నది వంశధార. ఒడిశా కొండలలో పుట్టి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. హిరమండలం సమీపాన గొట్టా వద్ద దీనిపై ఆనకట్ట కట్టి, ఎడమ కాలువ ద్వారా టెక్కలి వైపు దాదాపు లక్షన్నర ఎకరాలకు సాగునీరు ఉద్దేశించారు. అయితే ఆనకట్ట నీటిని మళ్లిస్తుందే గాని విశేషంగా నిలువ చేయదు. ఏటిలో పారినంత కాలమే కాలువలో పారుతుంది. ఏరు తగ్గినప్పుడు ముందుగా ఎండేవి శివారు భూములు. ఈ లోపాన్ని సరిదిద్దడానికే గొట్టాకు ఎగువన కాట్రగడ్డ వద్దనుండి వరదనీటిని మళ్లించి, హిరమండలం వద్ద సుమారు 19 టి.ఎం.సి.ల జలాశయంలో నిలువచేసే పథకం వచ్చింది. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఆ జలాశయం కోసం పలు గ్రామాలవారు ఇళ్లూ పొలాలూ విడిచి వెళ్లవలసివచ్చింది. నిలువకు చెల్లించిన ఈ వెలను లెక్కలో చేర్చకపోవడం న్యాయం కాదు.

పలాస నుండి తీరం వెంట పరచుకొన్న ఉద్దానం పరిస్థితి వేరు. ‘ఉద్యాన’ శబ్దమే ఇలా మారిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు అనువైన ఇసుకనేల అది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. కుండపోత వాన కురిసి, వంశధార పొంగింది, తోటలు నేలకొరిగాయి. కరెంటు లేక మోటార్లు ఆగిపోవడంతో, అంత వాన కురిసిన ఊళ్లలోనే తాగునీటికి జనం అల్లాడారు. పైగా ఇక్కడ ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధి ప్రబలి ఉంది. దానికి కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. తాగునీరు మాత్రం అనుమానితాలలో ఒకటి. అందుచేత సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం జలాశయం నుండి గొట్టాల ద్వారా ఉద్దానానికి శుద్ధజలం తెచ్చే పథకాన్ని నిర్మించి, 2023 డిసెంబరులో ప్రారంభించారు. శ్రావణ భాద్రపదాలలో కడలిపాలయ్యే వరదనీటిలో కొంత భాగం ఆ గొట్టాల వెంట వైశాఖంలో ఉద్దానం కుళాయిలకు చేరవలసి ఉంది.