రక్తంలో అంకె.. కంట్లో ముప్పు.. మీ చేతిలో ప్రాజెక్టు!

హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? మీ రెజ్యుమేలో ఇళ్ల ధరల అంచనా, సినిమా రివ్యూల విశ్లేషణ ఉండే ఉంటాయి. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల రెజ్యుమేలోనూ అవే! కాస్త భిన్నంగా కనిపించాలంటే ఇంట్లో అమ్మదో నాన్నదో షుగర్ రిపోర్టు ఓసారి తీసి చూడండి. మీ ప్రాజెక్టు అందులోనే ఉంది.

నొప్పి లేని దెబ్బ

మధుమేహం వల్ల కంటి వెనక ఉండే రెటీనాలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. అదే డయాబెటిక్ రెటినోపతి. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ బాగానే ఉంటుంది. మసకబారాక వెళ్తే ఆలస్యమైపోవచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఇంతమందిలో ముందుగా ఎవరి కళ్లు చూడాలి? రక్తంలోని సూచికలతో పరిశోధకులు వెతుకుతున్న జవాబు ఇదే.

వీటిలో ముఖ్యమైంది హెచ్‌బీఏ1సీ. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెబుతుంది. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం కింద లెక్క. టైప్-1 బాధితులు 1,441 మందిపై అమెరికా, కెనడాల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే, కంటి జబ్బు లేనివారిలో అది మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. క్రియాటినిన్, కొవ్వులు, వాపును తెలిపే సీఆర్పీ లాంటివాటినీ పరిశీలిస్తున్నారు. అయితే ఏ ఒక్క అంకే కంటి పరీక్షకు బదులు కాదు.

ఇలా మొదలుపెట్టండి

మన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2016లోనే మైక్రోసాఫ్ట్‌తో కలిసి కంటి వైద్యంలో డేటా విశ్లేషణకు దిగింది. మీకు అంత పెద్ద డేటా అక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సర్వే ‘ఎన్‌హేన్స్’ 2005-08 ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. 40 ఏళ్లు దాటినవారి రెటీనా ఫలితాలు, రక్తపరీక్షలు రెండూ వాటిలో ఉన్నాయి. వాటిని కలిపి ముప్పును అంచనా వేసే మోడల్ కట్టండి.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. వందమందిలో పదిమందికే జబ్బు ఉందనుకోండి. అందరికీ ‘లేదు’ అని చెప్పే పనికిమాలిన మోడల్‌కీ 90 శాతం కచ్చితత్వం వస్తుంది! కాబట్టి జబ్బున్నవారిలో ఎందరిని పట్టుకుందో చెప్పండి. రెండోది, ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ చూడని మోడల్ ఇక్కడ తప్పుదారి పట్టొచ్చు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పగలిగితే, కోడ్ కాపీ కొట్టలేదని ఎదుటివారికి అర్థమైపోతుంది. బయోకెమిస్ట్రీ, ఎంఎల్‌టీ, ఆప్టోమెట్రీ విద్యార్థులకు ఇది తెలిసిన విషయమే. వాళ్లు కాస్త పైథాన్, గణాంకశాస్త్రం పట్టుకుంటే చాలు. ఇంజినీరింగ్ వాళ్లయితే అలాంటి స్నేహితుణ్ని జట్టులో చేర్చుకోండి.

చివరిగా ఒక మాట. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి నిపుణులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. మధుమేహానికీ దానికీ దగ్గరి చుట్టరికం. కొలువొచ్చాక ఏడాదికోసారైనా మీ రక్తమూ చూపించుకోండి. షుగర్ ఉందని తేలితే కళ్లు కూడా!