పెద్ద క్రాష్‌లో లేచాడు, చిన్న క్రాష్‌లో లేవలేదు. ఎందుకు?

పోయిన వారం నేనొక రీల్ పెట్టాను, మీలో చాలామంది చూసే ఉంటారు. కొండ మీంచి సైకిల్ మీద దిగుతున్న ఒకతను తడిసిన చెట్టు వేరు మీద జారి పడతాడు. మొత్తం ఆరు సెకన్లు. మన చానెల్‌లో ఇప్పటిదాకా ఎక్కువమంది చూసింది అదే. మూడు వారాలు కూర్చుని చేసిన యూపీఐ ఎపిసోడ్ కంటే ఎక్కువ. సరే, అది వేరే బాధ.

ఆ రీల్ కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, తర్వాత అతనికి ఏమైంది?"

నాకు జవాబు తెలుసు. తెలిసి కూడా రాయలేదు. ఎందుకంటే ఆ క్లిప్‌ని ఏడో సెకన్ రాకముందే కట్ చేసింది నేనే. ఈ ఎపిసోడ్ ఆ కట్ చేసిన భాగం గురించి.

ముందు ఎక్కడ జరిగిందో చెప్తా. 2023లో నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నా, ఆన్‌సైట్ అని గ్లాస్గో పంపారు. ఆ ఆగస్టులోనే గ్లాస్గోలో, చుట్టూ స్కాట్లాండ్‌లో సైక్లింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్స్ జరిగాయి. ట్రాక్, రోడ్డు, బీఎంఎక్స్, మౌంటెన్ బైక్, ఇలా 13 రకాల పోటీలు కలిపి ఒకేసారి పెట్టడం అదే మొదలు. అందులో డౌన్‌హిల్ పోటీ ఫోర్ట్ విలియం ఊరి దగ్గర. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ బెన్ నెవిస్, 1,345 మీటర్లు. దాని పక్కనే ఊనఖ్ మోర్ అని ఇంకో కొండ ఉంది. రేసు దాని మీద. నాకు సైకిల్ అంటే తెలిసింది ట్యూషన్‌కి తొక్కుకెళ్ళడం, చైన్ ఊడితే చేతికి గ్రీజు పూసుకోవడం. అంతే. రూమ్మేట్ విజయవాడ వాడు, వాడికి బైకులంటే పిచ్చి. వాడు లాక్కెళ్తే వెళ్ళా.

డౌన్‌హిల్ అర్థం చేసుకోవడం తేలిక. పైనుంచి కిందికి, ఒక్కొక్కరే, గడియారంతో పోటీ. ఇక్కడి దారి దాదాపు 2.8 కిలోమీటర్లు, దిగుడు సుమారు 550 మీటర్లు. గొండోలాలో పైకి ఎక్కిస్తారు. మొదట చెట్లు లేని కొండవాలు, అంతా గ్రానైట్ రాళ్ళు. తర్వాత అడవి, బురద, వేర్లు. చివర్లో మోటర్‌వే అని పిలిచే స్పీడు భాగం, పెద్ద పెద్ద జంపులు, దాని కిందే ఫినిష్. మగవాళ్ళలో టాప్ రైడర్లు ఇదంతా నాలుగున్నర నిమిషాల్లో దిగేస్తారు. ఫైనల్లో ఒక్కటే చాన్స్. సెకండ్ ఇన్నింగ్స్ ఉండదు.

ఇంత పొడుగు దారిలో జనం ఎక్కడ గుమిగూడతారో చెప్పనా? రైడర్లు పడే అవకాశం ఎక్కువున్న చోట. ఎవరూ పైకి అనరు. "ఇక్కడ వ్యూ బాగుంటుంది" అంటారు. మన ఎగ్జిబిషన్లలో చెక్క బావిలో బైక్ గిరగిరా తిప్పే షో ఉంటుంది కదా, పైన అంచు పట్టుకుని అందరం లోపలికి వంగి చూస్తాం. అతను పడాలని కోరుకోం. కానీ పడకపోవడం చూడ్డానికి టికెట్ కొన్నామా అంటే అదీ కాదు. ఫోర్ట్ విలియంలో నేను కూడా అలాగే నిలబడ్డాను. మొహమాటం ఎందుకు.

పొద్దున ప్రాక్టీసు రన్స్ జరుగుతుంటే మోటర్‌వే దగ్గర మొదటి క్రాష్ చూశా. ఒకతను జంప్ మీంచి లేచి, గాల్లోనే కొంచెం వంకరై, అలాగే దిగాడు. బైక్ ఒక వైపు ఎగిరింది, మనిషి ఒక వైపు. మూడు నాలుగు పల్టీలు కొట్టి, వాలు మీద సర్రున జారుకుంటూ పోయాడు. జనమంతా "ఓ..." అని ఒకటే అరుపు. మా వాడు కళ్ళు మూసుకున్నాడు. ఆ రైడర్ లేచాడు, గడ్డి దులుపుకున్నాడు, వంగిన హ్యాండిల్‌ని ముందు చక్రం కాళ్ళ మధ్య పెట్టుకుని సరిచేశాడు, చెయ్యూపి వెళ్ళిపోయాడు.

తర్వాత మేం అడవిలోకి ఎక్కాం. అక్కడ వేరే లోకం. ఆవు మెడ గంటలు, బూరలు, చైన్ తీసేసిన రంపం మెషీన్లు, చెవులు పగిలిపోతాయి. పైగా మిడ్జెస్ అని కనపడీ కనపడని దోమలు. పులిహోర డబ్బా మూత తీస్తే మాకంటే ముందు అవి తిన్నాయి. అక్కడే రెండో క్రాష్, మీరు రీల్‌లో చూసింది. స్పీడు పెద్దగా లేదు. వేరు మీద ముందు చక్రం జారింది, మనిషి పక్కకి ఒరిగాడు, భుజం వెళ్ళి ఒక మొద్దుకి తగిలింది. రీల్‌లో చూస్తే బాత్రూంలో కాలు జారినంతే అనిపిస్తుంది. అతను లేవలేదు.

ఇంజినీర్ బుర్ర కదా, ఆ రాత్రి హాస్టల్లో పడుకుని లెక్క వేశా. స్పీడులు నా కంటి అంచనాలే, అటూ ఇటూ ఉండొచ్చు. మొదటివాడు గంటకి 55 కిలోమీటర్లు అనుకుందాం. ఆ వేగం రావాలంటే దాదాపు 12 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగో అంతస్తు మీంచి పడాలి. రెండోవాడు 25 అనుకుందాం. అది రెండున్నర మీటర్లు, అంటే ఇంటి గోడ మీంచి దూకినంత. ఈ లెక్కన మొదటివాడే హాస్పిటల్లో ఉండాలి.

కానీ ఒంటికి దెబ్బ తగిలేది వేగం వల్ల కాదు, ఆ వేగం ఎంత దూరంలో ఆగింది అన్నదాని వల్ల. మొదటివాడు దొర్లుకుంటూ జారుకుంటూ ఒక 20 మీటర్లు వెళ్ళి ఆగాడు. సగటున చూస్తే అతని మీద పడిన బలం అతని బరువులో ఒక 60 శాతం. రెండోవాడు మొద్దు దగ్గర 30 సెంటీమీటర్లలో ఆగాడనుకోండి. అప్పుడు బరువుకి ఎనిమిది రెట్లు. వేగం సగం కూడా లేదు, దెబ్బ సుమారు 14 రెట్లు. అసలు జరిగేది ఇంత నీటుగా ఉండదు, పల్టీ కొట్టిన ప్రతిసారీ ఒక కుదుపు ఉంటుంది, మెడ తిరిగే కోణం ఉంటుంది. అయినా కథ ఇదే. దుమ్ము లేపుకుంటూ దూరం పోయిన క్రాష్ చూడ్డానికి భయంగా ఉంటుంది. టక్కున ఆగిపోయింది చూడ్డానికి ఏమీ ఉండదు.

జంప్ తర్వాత నేలని వాలుగా కట్టేది కూడా ఇందుకే. పై నుంచి వస్తున్న మనిషి, కిందికి జారిపోతున్న నేల, రెండూ దాదాపు ఒకే దిశలో కలుస్తాయి కాబట్టి తగిలినట్టే ఉండదు. వాలు అందుకోలేక ముందే దిగితే నడుం విరుగుతుంది. దారి పక్క చెట్లకి పరుపులు కడతారు. ఆ మొద్దు దారికి కాస్త ఎడంగా ఉంది, దానికి లేదు. హెల్మెట్ కూడా అంతే. లోపల థర్మోకోల్ లాంటి పొర నలిగి, తల ఆగే దూరాన్ని కొంచెం పెంచుతుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, గట్టి దెబ్బ తగిలాక పారేయాల్సిందే. మన రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మే టోపీల్లాంటి హెల్మెట్లని ఓసారి తిప్పి చూడండి, ఆ పొర ఉందో, ఉత్త స్పాంజి ఉందో.

సరే, అసలు ఎందుకు జారాడు? టైరుకి నేల మీద ఉండే పట్టుని నెల జీతం అనుకోండి. బ్రేక్ వేస్తే కొంత ఖర్చు, మలుపు తిరిగితే కొంత ఖర్చు. రెండూ ఒకేసారి పెట్టుకుంటే అకౌంట్ ఖాళీ, చక్రం జారుతుంది. తడిసి, బెరడు ఊడిపోయిన వేరు మీదికి వచ్చేసరికి జీతమే కోత పడుతుంది. అందుకే మంచి రైడర్లు బ్రేకంతా వేరు రాకముందే వేసేసి, వేరు మీద బైక్‌ని నిటారుగా పెట్టి, బ్రేక్ వదిలి దాటేస్తారు. బ్రేక్ వదలడమే భద్రం అంటే మన బుర్రకి ఎక్కదు. కానీ అక్కడ అదే నిజం.

ఇంకో రకం క్రాష్ ఉంది, ముందు చక్రం గుంటలో ఇరుక్కుని ఆగిపోతే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పోవడం. సీటు అంత కిందికి దించి, మోకాళ్ళు వంచి, నడుం వెనక్కి పెట్టేది దానికే. అది ఆ రోజు నేను చూడలేదు, వదిలేద్దాం.

గీత ఎంత సన్నగా ఉంటుందో చెప్పడానికి రెండు పాత రేసులు చెప్తా. 2008 ప్రపంచ చాంపియన్‌షిప్, ఇటలీలో వాల్ ది సోలే. ఆస్ట్రేలియా వాడు శామ్ హిల్ అందరికంటే చాలా ముందున్నాడు. ఫినిష్ దగ్గరికొచ్చాక మలుపులో జారి పడ్డాడు, లేచి తొక్కినా మూడో స్థానం. గీ అథర్టన్ గెలిచాడు. 2011లో స్విట్జర్లాండ్ షాంపెరీలో దీనికి రివర్స్. కుండపోత, దారంతా బురద. డానీ హార్ట్ రన్ చూడండి, పది చోట్ల పడిపోయాడనే అనుకుంటారు. పడలేదు. వందో వంతు సెకన్లలో తేలే ఆటలో 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. హిల్ ఆఖర్లో చేసిన తప్పు, హార్ట్ పది చోట్ల తప్పించుకున్న తప్పు, రెండూ ఒకే సైజువి.

ఇక నా క్లిప్. మా వాడు నేర్పిన ట్రిక్ ఒకటుంది: పడే చోటు చూడకు, దానికి ఇరవై మీటర్ల పైన చూడు. నేను ఆ వేరు దగ్గర చాలాసేపు రికార్డ్ చేశాను కాబట్టి అతనికి ముందు వెళ్ళిన 22 మంది కూడా నా ఫోన్‌లో ఉన్నారు. పక్కపక్కన పెట్టి, ఫ్రేమ్ ఫ్రేమ్ తిప్పి చూశా. ఆ 22 మంది వేరుని కుడివైపు, టేప్‌కి దగ్గరగా దాటారు. అక్కడ వేరు సన్నం. ఇతను ఒక్కడే అర మీటరు ఎడమకి వచ్చాడు. అక్కడ వేరు లావు, ఏటవాలు. ఇతని ముందు చక్రం వేరు ఎక్కకముందే నెమ్మదించింది. అంటే చివర్లో మనసు మార్చుకుని బ్రేక్ పట్టాడు.

టేప్‌కి కుడివైపు నిలబడింది నేను.

ముందు వెళ్ళిన 22 మందప్పుడు టేప్ వెనకే ఉన్నాను. ఇతను వస్తున్నప్పుడు యాంగిల్ ఇంకా బాగా వస్తుందని ఒక మోకాలు టేప్ కిందనుంచి ముందుకు పెట్టి, ఫోన్ చాచాను. విజిల్ కూడా వినపడింది. రైడర్ వస్తున్నాడని మార్షల్స్ విజిల్ వేసేది అందుకే, జనం వెనక్కి జరగడానికి. నా మోకాలు చూసి అతను ఎడమకి తిప్పాడా, లేక చేతులు అలిసిపోయి దారి తప్పాడా? అంత సేపు బ్రేకులు పట్టుకుంటే ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, ఫోర్ట్ విలియం దానికి పేరుమోసిన చోటు. కాబట్టి రెండూ సాధ్యమే. క్లిప్ వందసార్లు చూశాను, తేలలేదు. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. రీల్‌లో నా మోకాలు కనపడదు, క్రాప్ చేశాను.

తర్వాత జరిగింది చెప్తా, ఎందుకంటే అది నేను ఎక్కడా చూడనంత పద్ధతిగా జరిగింది. మార్షల్ పెద్దావిడ, మా అమ్మ వయసుంటుంది, పసుపు జెండా ఊపుతూ పరిగెత్తింది. పైన ఇంకొకరు ఎర్ర జెండా ఎత్తారు. ఎర్ర జెండా కనపడితే రైడర్ ఎంత స్పీడులో ఉన్నా ఆగాలి. ఫైనల్లో అలా ఆగాల్సి వస్తే మళ్ళీ పరుగు అడిగే వీలుంది, కాబట్టి ఎవరూ జెండాని చూడనట్టు నటించరు. గంటలు, బూరలు అన్నీ ఆగిపోయాయి. మెడికల్ వాళ్ళు వచ్చారు. అతన్ని లేపలేదు, కూర్చోబెట్టలేదు, మంచినీళ్ళు పట్టలేదు. ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతుల్తో అతని తల కదలకుండా పట్టుకుని మాట్లాడుతూనే ఉంది. హెల్మెట్ కూడా తొందరపడి లాగలేదు. మెడ ఎముక సంగతి తెలియకుండా కదిలిస్తే వెన్నుపాముకి దెబ్బ తగలొచ్చు. మన దగ్గర బండి పడితే నలుగురం చేరి ముందు లేపి నిలబెడతాం, ప్రేమతోనే. అతను శ్వాస తీసుకుంటూ, మాట్లాడుతూ, రోడ్డు మీద ఇంకో బండి తొక్కే ప్రమాదం లేకపోతే, లేపకుండా 108కి ఫోన్ చేసి తల దగ్గర కూర్చోవడం మంచిది.

ఇదంతా జరుగుతుంటే నా ఫోన్ ఇంకా పైకే ఉంది. ఆ పెద్దావిడ నా వైపు చూసి, అరవకుండా, "ఫోన్ దించి వెనక్కి రా బాబూ" అన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు చూసుకున్నా నా మోకాలు ఎక్కడుందో.

మధ్యాహ్నం ఫైనల్ ఫినిష్ దగ్గర చూశాం. ఆడవాళ్ళలో ఆస్ట్రియా అమ్మాయి వాలీ హోల్, మగవాళ్ళలో బ్రిటన్ వాడు చార్లీ హాటన్ గెలిచారు. సొంత దేశం వాడు గెలిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, ఉప్పల్ స్టేడియం గుర్తొచ్చింది. నేను కూడా అరిచాను. బస్సుకి వెళ్తూ ఆ మార్షల్ కనపడితే ఆగి అడిగాను. కాలర్ బోన్ విరిగింది, స్పృహలోనే ఉన్నాడు, కాళ్ళూ చేతులూ బాగానే కదుపుతున్నాడు అని చెప్పింది. నా మోకాలి గురించి నేను చెప్పలేదు.

తమ్ముడూ, నువ్వడిగినదానికి జవాబు అది.

ఆ ఆరు సెకన్ల రీల్ నిన్న తీసేశాను. పూర్తి క్లిప్ పెట్టమని కొందరు అడుగుతారు. పెట్టను, నొప్పితో ఉన్న మనిషి ముఖం ఉంది అందులో. దాని బదులు ఈ వీడియో చివర్లో ఆ 22 మంది వేరు దాటడం పెట్టాను, స్లో మోషన్‌లో. ఎవరూ పడరు. తొమ్మిదో అతను వచ్చినప్పుడు పాజ్ చేసి ముందు చక్రం చూడండి, వేరు మీద ఒక బెత్తెడు జారుతుంది. అతను బ్రేక్ పట్టుకోడు. దాన్ని అలాగే జారనిచ్చి వెళ్ళిపోతాడు.